ఆటగాడి ఒంటికి మందు ఏమీ చేయదంటున్నారు, ఇది నిజమేనా?

లంకల_తమ్ముడు

మా అన్నయ్యకు 47 ఏళ్లు. పాతికేళ్ల క్రితం సంక్రాంతికి కోనసీమ ఊళ్లలో వాలీబాల్ పోటీలు చూసినవారికి ఆయన స్పైకింగ్ గుర్తుండే ఉంటుంది. రాష్ట్ర జట్టుకు ఆడాడు, జాతీయ పోటీలకు వెళ్లాడు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కూడా వచ్చింది. 34వ ఏట మోకాలు దెబ్బతిని ఆట మానేశాడు. ఆడే రోజుల్లో మ్యాచ్ గెలిచిన రాత్రి మాత్రమే తాగేవాడు. ఆట ఆగిపోయాక తాగడానికి గెలుపుతో పని లేకుండా పోయింది. ఇప్పుడు రోజుకు రెండు క్వార్టర్లు, సెలవు రోజైతే పొద్దున్నే మొదలు.

ఆయన తూలడు, ఎవరితోనూ గొడవ పడడు, ఉద్యోగానికి వెళ్లి వస్తాడు. అందుకే ఊళ్లో ఎవరికి మొరపెట్టుకున్నా "వాడిది ఆటగాడి ఒళ్లు, రాళ్లు తిన్నా అరిగించుకుంటాడు, వాడికి మందు ఏం చేస్తుంది" అంటున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. పొద్దున టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఏడాదిగా కుడి గజ్జల్లో నొప్పి అంటూ కాలు ఈడుస్తున్నాడు. ఆట నాటి పాత దెబ్బ అని తనే తేల్చేసి, మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని వేసుకుంటున్నాడు. మొన్న బంధువుల పెళ్లికి వెళ్లి రెండు రోజులు మందు దొరకకపోతే ఒళ్లంతా చెమటలు పట్టాయి, రాత్రి గోడ మీద ఎవరో పాకుతున్నారని చెప్పాడు. పెద్దవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు.

నేను రెండు సంగతులు అడుగుతున్నాను. ఏళ్ల తరబడి కష్టపడి పెంచుకున్న ఒళ్లు నిజంగా మందును తట్టుకుంటుందా? తాగుడు మాన్పించే మాత్ర ఒకటి ఉందట, తెలియకుండా కూరలో కలిపి పెట్టవచ్చని ఎవరో వదినకు చెప్పారు. అలా చేయవచ్చా?

కొబ్బరితోట

ముందు ఆ మాత్ర సంగతి తేలేవరకు వదిన గారిని ఆపండి. ఈ వేదికలో వైద్యులు ఉన్నారు, చెబుతారు.

గోదారి_గట్టు

ఇందులోకి ఆటను ఎందుకు లాగుతున్నారో నాకు అర్థం కాలేదు. మా లంకల్లో కొబ్బరి దింపు కార్మికులు తాగుతారు, చేపల చెరువుల మీద కాపలా ఉండేవాళ్లు తాగుతారు, పదెకరాల రైతూ తాగుతాడు. తాగుడుకు కారణం మనిషి బలహీనత. పైగా ఆటగాళ్లు మామూలు వాళ్లకన్నా ఎక్కువ కాలం బతుకుతారని నేను చదివాను. మీ అన్నయ్య విషయంలో అనవసరంగా భయపడుతున్నారేమో.

భీమవరం_రైడర్

నేను కబడ్డీ ఆడినవాణ్ణి, విశ్వవిద్యాలయం జట్టులో రైడర్‌ని. తాగుడు మాని పదకొండేళ్లయింది. గోదారి_గట్టు గారు బలహీనత అన్నారు కాబట్టి నా సంగతి చెబుతాను.

ఫైనల్ గెలిచిన రాత్రి ఊరు ఊరంతా నన్ను భుజాల మీద మోసింది. కిందికి దించగానే ఎవరో చేతిలో గ్లాసు పెట్టారు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. వద్దంటే ఆ అభిమానాన్నే తిప్పికొట్టినట్టు అవుతుందనిపించింది. మన ప్రాంతంలో మర్యాద చేయడమంటే ఎదుటివాడు చాలు అన్నా వినకుండా వడ్డించడమే కదా! అన్నం దగ్గర అది అందంగానే ఉంటుంది, గ్లాసు దగ్గర మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది.

అసలు చిక్కు ఆట ఆగాక వచ్చింది. పదిహేనేళ్ల పాటు పొద్దున అయిదింటికి విజిల్ వింటే లేచిన ఒళ్లు, ఆట పోయినా అయిదింటికే లేచేది. లేచాక వెళ్లడానికి చోటు లేదు, నన్ను పేరు పెట్టి కేకేసేవాడు లేడు. ఆ గంట గడవడానికి మొదట సిగరెట్టు, తరువాత మిగిలిన సీసా తోడయ్యాయి. ఊపిరి బిగబట్టి ఏడుగురి మధ్యలోకి వెళ్లి వచ్చినవాణ్ణి బలహీనుడని అనడం తేలిక. నన్ను పడగొట్టింది ఖాళీగా మిగిలిపోయిన ఆ గంట.

లేసు_అల్లిక

రైడర్ గారు, ఆ అయిదింటి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఇంట్లోనూ అదే. వీలు చూసుకుని మళ్లీ రాస్తాను.

కాకినాడ_డాక్టరు

లంకల_తమ్ముడు గారు, ముందుగా అత్యవసరమైనవి చెబుతాను.

పెళ్లిలో మీరు చూసింది గాలి కాదు. రోజూ ఎక్కువగా తాగేవారికి మందు హఠాత్తుగా ఆగినప్పుడు వచ్చే ఉపసంహరణ లక్షణాలు అవి. ఏళ్ల తరబడి మద్యం మెదడును మందగింపజేస్తూ ఉంటే, దానికి ఎదురు నిలవడానికి మెదడు తన వేగాన్ని పెంచుకుంటుంది. ఒక్కసారిగా మద్యం తీసేస్తే ఆ వేగం పట్టపగ్గాలు లేకుండా బయటపడుతుంది. మొదటి రోజే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి, మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు, 48 నుంచి 96 గంటల మధ్య మతిభ్రమణం, లేనివి కనిపించడం, తీవ్ర జ్వరం వచ్చి ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి ఇంట్లో గది తలుపు వేసి మాన్పిద్దామనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఈ క్షణమే వదిలేయండి. మానడం ఆసుపత్రిలో, మందుల రక్షణలో జరగాలి. అక్కడ థయామిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. మద్యం ఆ విటమిన్‌ను హరించడం వల్ల జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు సెలైన్ ఎక్కించకూడదు.

ఇక కూరలో కలిపే మాత్ర. దాని పేరు డైసల్ఫిరామ్. మద్యం కాలేయంలో అసిటాల్డిహైడ్ అనే విషంగా మారి, ఆ తరువాత విరిగిపోతుంది. ఈ మాత్ర ఆ విరిగే దారిని మూసివేస్తుంది. మాత్ర ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు పట్టుకుని, రక్తపోటు పడిపోతుంది, గుండె జబ్బు ఉంటే ప్రాణమే పోవచ్చు. ఏం జరుగుతుందో తెలిసి, ఇష్టపడి, కాలేయం, గుండె పరీక్షలు చేయించుకున్నవారికి మాత్రమే దానిని ఇస్తాం. తెలియకుండా పెడితే, ఏమీ ఎరుగని మనిషి సాయంత్రం మామూలుగా రెండు క్వార్టర్లు తాగుతాడు. ఆ తరువాత జరిగేది వదిన గారు తలచుకోలేనిది. దయచేసి ఆ మాత్రను ఇంట్లో లేకుండా చేయండి.

గజ్జల నొప్పి గురించి సాయంత్రం రాస్తాను. అది నన్ను బాగా కలవరపెడుతోంది.

లంకల_తమ్ముడు

డాక్టరు గారు, మీ మాటలు వదినకు చదివి వినిపించాను. ఆ మాత్రలు నిన్ననే కొని తెచ్చిందట, ఇంకా కలపలేదు. బియ్యం డబ్బాలో దాచిన వాటిని తీసి నాకు ఇచ్చేసింది. చాలాసేపు ఏడ్చింది.

కాకినాడ_డాక్టరు

వదిన గారిని ఎవరూ తప్పు పట్టకండి. మా దగ్గరికి వచ్చే కుటుంబాలలో ఇలా చేసినవారు, చేయబోయినవారు ఎందరో ఉన్నారు. వారికి దారి చూపేవారు లేకనే అంత దూరం వెళ్తారు.

ఇప్పుడు నొప్పి సంగతి. తొడ ఎముక పైభాగాన బంతి ఆకారంలో ఒక తల ఉంటుంది, అది తుంటి గిన్నెలో తిరుగుతుంది. దానికి రక్తం సన్నని నాళాల ద్వారా అందుతుంది. ఎక్కువ కాలం ఎక్కువగా తాగేవారిలో ఆ రక్తప్రసారం దెబ్బతిని ఎముక తల లోపల చచ్చుబడిపోతుంది. దీనిని అవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు. దెబ్బ తగలకుండా ఈ జబ్బు రావడానికి ప్రధాన కారణాలు రెండు, స్టెరాయిడ్లు, మద్యం. నొప్పి సాధారణంగా గజ్జల్లో మొదలై తొడ మీదుగా మోకాలి దాకా పాకుతుంది. ఆటగాళ్లు దానిని పాత దెబ్బ అనుకోవడం సహజం, మీ అన్నయ్యా అలాగే అనుకున్నారు. మొదటి దశలో ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు, ఎంఆర్ఐ తీయాలి. తొందరగా కనిపెడితే ఎముకలో రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే చిన్న శస్త్రచికిత్సతో కీలును కాపాడే అవకాశం ఉంటుంది. ఆలస్యమై తల కుంగిపోతే కీలు మార్పిడే మిగులుతుంది.

ఆ నొప్పి మాత్రలూ ఆపించండి. డైక్లోఫెనాక్ వంటివి మద్యంతో కలిస్తే కడుపులో పుండ్లు, రక్తస్రావం రావచ్చు. పారాసెటమాల్ కూడా రోజూ తాగేవారి కాలేయానికి భారమే.

పాలకొల్లు_పీఈటీ

ఆటగాడి ఒళ్లు తట్టుకుంటుందా అన్న మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆటస్థలంలో ముప్పై ఏళ్లు గడిపినవాడిగా ఆ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో నేను చెప్పగలను, అందులో నిజమెంతో డాక్టరు గారు చెప్పాలి. శిక్షణ పొందిన కుర్రవాడు ముందు రాత్రి తాగి కూడా మరునాడు పది రౌండ్లు పరిగెడతాడు. ఇది చూసి మేమే, ఉపాధ్యాయులమే, వాడికేం పరవాలేదు అనుకున్నాం. నేను కూడా అనుకున్నాను.

కాకినాడ_డాక్టరు

పీఈటీ గారు సరైన చోట పట్టుకున్నారు. ఆటగాడికి కండ ఎక్కువ, కండలో నీరు ఎక్కువ. మద్యం నీటిలో కలిసి పలచబడుతుంది కాబట్టి అంతే తాగిన సన్నని మనిషి కన్నా అతని రక్తంలో మోతాదు కాస్త తక్కువగా ఉంటుంది. రోజూ తాగితే మెదడు అలవాటు పడుతుంది, కాలేయం మద్యాన్ని విరిచే ఎంజైములను పెంచుకుంటుంది. అందుకే అతడు తూలడు. కానీ విరిగిన ప్రతి చుక్కా కాలేయం గుండా పోవలసిందే. తూలకపోవడాన్ని బలమని ఊరు అనుకుంటుంది. ఆ మనిషి ఎన్నేళ్లుగా ఎంత తాగుతున్నాడో ఆ తూలకపోవడమే మాకు చెబుతుంది.

ఒక లెక్క చూడండి. క్వార్టర్ సీసాలో 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం ఆల్కహాల్. బరువులో అది సుమారు 60 గ్రాములు. రెండు క్వార్టర్లంటే రోజుకు 120 గ్రాములు. గ్రాముకు 7 కేలరీల చొప్పున 840 కేలరీలు, అందులో మాంసకృత్తులు లేవు, విటమిన్లు లేవు. ఆడే రోజుల్లో అవి ఖర్చయ్యేవి. ఆట ఆగాక కాలేయంలో కొవ్వుగా చేరతాయి. తాగడం ఆపితే ఆ కొవ్వు కొన్ని వారాల్లోనే తగ్గిపోగలదు, ఆపకపోతే వాపు వస్తుంది, ఆ తరువాత కాలేయం గట్టిపడి సిర్రోసిస్ అవుతుంది. ఈ దారిలో చాలా దూరం నొప్పి ఉండదు, అదే దీనిలోని మోసం.

అమలాపురం_షటిల్

నేను ఇప్పుడు ఆడుతున్నాను, బ్యాడ్మింటన్. మా ఊరి సాత్విక్ సాయిరాజ్ 2023 ఆసియా క్రీడల్లో డబుల్స్ స్వర్ణం గెలిచినప్పటి నుంచి మా కోర్టులో పిల్లలకు చోటు చాలడం లేదు. మా తోటివారిలో కొందరు టోర్నమెంటు అయ్యాక బీరు తాగుతారు. బీరు తాగితే ఒళ్లు చల్లబడి అలసట తీరుతుందని, అది విస్కీ లాంటిది కాదని అంటారు. డోపింగ్ పరీక్షలో కూడా పట్టుకోరట కదా?

కాకినాడ_డాక్టరు

650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతం అయితే అందులో సుమారు 40 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అంటే ఒక క్వార్టర్‌లో మూడింట రెండు వంతులు. అలసట తీరుతుందనే మాట నిజం కాదు. మద్యం మూత్రాన్ని అదుపులో ఉంచే హార్మోనును అణచివేస్తుంది, కాబట్టి చెమటలో పోయిన నీరు తిరిగి చేరకపోగా ఇంకా బయటికి పోతుంది. నిద్ర తొందరగా పట్టినా అర్ధరాత్రి తరువాత ముక్కలవుతుంది.

కండ సంగతి మీకు ముఖ్యం కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. 2014లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో ఎనిమిది మంది యువకులకు కఠిన వ్యాయామం తరువాత కిలో బరువుకు 1.5 గ్రాముల లెక్కన మద్యం ఇచ్చారు. 80 కిలోల మనిషికి అది రెండు క్వార్టర్లు. ప్రొటీన్ కూడా ఇచ్చినప్పటికీ, మద్యం లేనప్పటితో పోలిస్తే కండ కొత్తగా పోసుకునే ప్రక్రియ 24 శాతం తగ్గింది. ప్రొటీన్ లేకపోతే 37 శాతం తగ్గింది. పరిశీలించినవారు కొద్దిమందే, అయినా ఆ రాత్రి తాగిన మందు ఆ పగటి సాధనను ఎలా తినేస్తుందో అది స్పష్టంగా చూపింది.

డోపింగ్ గురించి మీరు విన్నది నిజమే. విలువిద్య, మోటారు క్రీడల వంటి కొన్నింటిలో పోటీ సమయంలో ఉన్న నిషేధాన్ని కూడా 2018 జనవరి నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ తన జాబితా నుంచి తొలగించి, నియంత్రణను ఆయా క్రీడా సమాఖ్యలకు వదిలేసింది. జాబితాలో లేనంత మాత్రాన అది హానిలేనిదని అర్థం కాదు.

వశిష్ఠ_తీరం

నేను ఫుట్‌బాల్ అభిమానిని. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాళ్ల ఒళ్లే తట్టుకోలేకపోయినప్పుడు, ఈ నమ్మకం మన ఊళ్లలో ఎలా నిలిచి ఉందో నాకు అర్థం కాదు.

జార్జ్ బెస్ట్ 1968లో మాంచెస్టర్ యునైటెడ్‌కు యూరోపియన్ కప్ గెలిపించి, అదే ఏడాది ఐరోపాలో ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. 27 ఏళ్లకే ఆ జట్టును వదిలాడు. 2002లో కాలేయ మార్పిడి చేశారు. కొత్త కాలేయం వచ్చాక కూడా మళ్లీ తాగాడు. 2005 నవంబరు 25న, 59 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆయన తల్లి కూడా తాగుడు వల్లనే పోయింది. బ్రెజిల్‌కు 1958, 1962 ప్రపంచ కప్పులు గెలిచిపెట్టిన గారించా 1983లో 49 ఏళ్లకే సిర్రోసిస్‌తో వెళ్లిపోయాడు. ఆయన తండ్రి కూడా తాగుబోతే.

నాకు అందరికన్నా ఎక్కువ బాధ కలిగించేది సోక్రటీస్. 1982లో బ్రెజిల్ కెప్టెన్, పైగా చదువుకున్న వైద్యుడు, ఆడుతూనే వైద్య పట్టా తీసుకున్నాడు. కాలేయం ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర లేదు. అయినా 2011లో, 57 ఏళ్లకే పోయాడు. తెలివి చాలదని, తెలిసి కూడా ఆగలేకపోవడమే ఈ జబ్బు అని ఆయన జీవితం చూశాక నాకు అర్థమైంది.

గోదారి_గట్టు

వాళ్లంతా విదేశాల వాళ్లు, కోట్లు వచ్చి పడ్డాయి కాబట్టి పాడయ్యారు. మన దగ్గర ఒక్క ఉదాహరణ చెప్పండి.

వశిష్ఠ_తీరం

వినోద్ కాంబ్లీ తన తాగుడు గురించి తానే బహిరంగంగా మాట్లాడాడు కాబట్టి ఆయన పేరు చెప్పవచ్చు. 1993లో వరుసగా రెండు టెస్టుల్లో డబుల్ సెంచరీలు చేశాడు. 17 టెస్టుల్లో సగటు 54.20. చివరి టెస్టు ఆడేనాటికి వయసు 23. ఆయన ఆట ఆగింది తాగుడు వల్లనే అని నేను అనను, అలా అనే హక్కు నాకు లేదు. కానీ 2024 డిసెంబరులో ఠాణేలో ఆసుపత్రి మంచం మీద ఆయనను చూసి దేశమంతా కన్నీరు పెట్టింది. ఆ కన్నీరు ఇరవై ఏళ్ల ముందు పెట్టవలసింది.

పాలకొల్లు_పీఈటీ

ఇరవై ఏళ్ల ముందు అన్న మాట నాకు గుచ్చుకుంది. ఒకప్పుడు మా పోటీల కమిటీలో నేనూ ఉన్నాను. గెలిచిన జట్టుకు రాత్రి విందు, విందులో సీసాలు, ఖర్చు దాతలది. పద్దెనిమిదేళ్ల కుర్రవాళ్లు అదే బల్ల దగ్గర కూర్చునేవారు. నేను చూశాను, లేచి వెళ్లిపోయాను, ఆపలేదు. వారిలో ఇద్దరు ఈనాడు లేరు. అయిదేళ్లుగా మా ఊళ్లో ఆ విందు లేదు, మధ్యాహ్నమే కోడికూరతో భోజనం పెట్టి, నగదు ఇంట్లోవాళ్ల చేతికి ఇచ్చి పంపిస్తున్నాం. దాతలు ఒకరిద్దరు అలిగారు. అలగనివ్వండి.

లేసు_అల్లిక

మా ఆయన కూడా పెద్ద స్థాయిలో ఆడినవారే. ఏ ఆటో చెబితే గుర్తుపడతారు కాబట్టి చెప్పను. 51 ఏళ్లకు పోయారు.

చివరి రెండేళ్లు కాళ్లు వాచేవి, పొట్ట నీరు పట్టేది. ఒకనాటి తెల్లవారుజామున బావి గట్టు దగ్గర రక్తం వాంతి చేసుకున్నారు. కాలేయం గట్టిపడితే అన్నవాహికలోని సిరలు ఉబ్బి పగిలిపోతాయని ఆసుపత్రిలో చెప్పినప్పుడు, ఆ మాట మాకు పదేళ్ల ముందే ఎవరైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. పదేళ్ల ముందు ఒక ఆసుపత్రిలో మోకాలికి శస్త్రచికిత్స చేశారు. కండ బాగుంది, గుండె బాగుంది, ఆటగాడు కదా అని మెచ్చుకున్నారు. ఎంత తాగుతారని ఎవరూ అడగలేదు. నేను చెప్పబోతే ఆయన నా వైపు చూశారు, నేను మాట మింగేశాను.

పదో రోజున పతకాలన్నీ ఫొటో పక్కన పెట్టారు. వచ్చినవాళ్లంతా ఆయన ఆట గురించి గంటల తరబడి చెప్పుకున్నారు. అవి వింటుంటే నాకు ఒకటే అనిపించింది, ఈ మాటలు ఆయన బతికి ఉండగా, ఆట మానేసిన ఏడాది, ఇంటికి వచ్చి ఆయనతో చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఆ ఏడాదంతా మా గుమ్మం తొక్కినవాళ్లు లేరు. లంకల_తమ్ముడు గారు, మీ అన్నయ్యకు ఇంకా సమయం ఉంది.

కొబ్బరితోట

అమ్మా, మీరు రాసింది మా ఇంట్లో పెద్దగా చదివి వినిపించాను. మా నాన్న గ్లాసు పక్కన పెట్టి విన్నాడు.

గోదారి_గట్టు

నేను మొదట రాసిన బలహీనత అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఆటగాళ్లు ఎక్కువ కాలం బతుకుతారన్నది మాత్రం నేను కల్పించింది కాదు, డాక్టరు గారు తేల్చాలి.

కాకినాడ_డాక్టరు

మీరు చదివింది నిజమే. 1920 నుంచి 1965 వరకు ఫిన్లాండ్‌కు అంతర్జాతీయ పోటీల్లో ఆడిన పురుషులను, యువకులుగా సైనిక వైద్య పరీక్షలో ఆరోగ్యవంతులుగా తేలిన ఇతరులతో పోల్చి చూశారు. దూరపు పరుగు, స్కీయింగ్ వంటి ఓర్పు క్రీడల వారి సగటు ఆయుర్దాయం 75.6 ఏళ్లు, జట్టు క్రీడల వారిది 73.9, బరువులెత్తడం, కుస్తీ వంటి బల క్రీడల వారిది 71.5, ఆడనివారిది 69.9. ఆ ఆటగాళ్లు ఆట ఆపాక కూడా ఒళ్లు కదిలించే అలవాటు మానలేదు, పొగ కూడా తక్కువగా తాగారు. ఆ లాభాన్ని వారు జీవితమంతా కాపాడుకున్నారు. 34 ఏళ్లకు ఆట ఆపి రోజుకు 120 గ్రాములు తాగే మనిషికి ఆ లాభం దక్కదు. గుండె కండరం సాగి బలహీనపడటం, గుండె లయ తప్పడం, నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పేగు క్యాన్సర్లు, ఇవన్నీ పతకాలు చూసి ఆగవు. ఎంత తక్కువైనా మద్యానికి సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

భీమవరం_రైడర్

బాగుపడినవాళ్ల గురించి కూడా చెప్పండి. చచ్చినవాళ్ల కథలు వింటే తాగేవాడికి ఇంకొంచెం తాగాలనిపిస్తుంది, నాకు అలాగే అనిపించేది.

వశిష్ఠ_తీరం

మంచి మాట అన్నారు. ఆర్సెనల్ కెప్టెన్ టోనీ ఆడమ్స్ 1990లో తాగి కారు నడిపి జైలుకు వెళ్లాడు. 1996లో తాను మద్యానికి బానిసనని లోకం ముందు ఒప్పుకున్నాడు. ఆ తరువాత ఇంకా ఆరేళ్లు ఆడాడు, 1998లో, 2002లో లీగ్, కప్ రెండూ గెలిచాడు. 2000లో ఇలాంటి ఆటగాళ్ల కోసం స్పోర్టింగ్ ఛాన్స్ అనే చికిత్సాలయం పెట్టాడు. ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్ 2014లో తాగి నడిపి పట్టుబడి, 45 రోజులు చికిత్సా కేంద్రంలో ఉన్నాడు. 2016 రియోలో అయిదు స్వర్ణాలు, ఒక రజతం గెలిచాడు. జర్మనీ గోల్ వీరుడు గెర్డ్ ముల్లర్ తాగుడులో కూరుకుపోయినప్పుడు ఆయన పాత సహచరులు, పాత జట్టు బయెర్న్ ఆదుకుని, చికిత్స చేయించి, యువ ఆటగాళ్లకు నేర్పే ఉద్యోగం ఇచ్చారు.

పాలకొల్లు_పీఈటీ

ముల్లర్ సంగతి విన్నాక ఒక ఆలోచన వచ్చింది. లంకల_తమ్ముడు గారి అన్నయ్యను మా పాఠశాల కోర్టుకు పంపండి, పిల్లలకు స్పైకింగ్ నేర్పుతారు. పొద్దున అయిదింటికే రమ్మనండి.

భీమవరం_రైడర్

పీఈటీ గారూ, మీ మనసు గొప్పది, కానీ ఇప్పుడే వద్దు. చెయ్యి వణుకుతూ, నోట్లో రాత్రి వాసనతో పిల్లల ముందు నిలబడితే మొదట సిగ్గుపడేది ఆయనే. ఆ సిగ్గుతో సాయంత్రం రెండు క్వార్టర్లు మూడవుతాయి. నా అనుభవంతో చెబుతున్నాను. ముందు ఆసుపత్రి, తరువాత కోర్టు. ఆ అయిదింటి చోటు మాత్రం ఆయన కోసం ఉంచండి.

పాలకొల్లు_పీఈటీ

ఒప్పుకుంటున్నాను. చోటు ఉంచుతాను.

కాకినాడ_డాక్టరు

ఆసుపత్రికి ఎలా ఒప్పించాలన్నది కుటుంబాలు అడిగే మొదటి ప్రశ్న. తాగి ఉన్నప్పుడు మాట్లాడకండి, పొద్దున మాట్లాడండి. నువ్వు తాగుబోతువి అనవద్దు, నాలుగు సంగతులు మెల్లగా అడగండి: ఎప్పుడైనా తగ్గించుకోవాలని అనిపించిందా, ఎవరైనా తాగుడు గురించి మాట్లాడితే కోపం వస్తోందా, తాగినందుకు మనసులో తప్పుచేసినట్టు ఉంటోందా, లేవగానే వణుకు తగ్గడానికి తాగవలసి వస్తోందా. రెండింటికి అవునంటే వైద్యుని చూడాలి. ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగాలలో ఈ చికిత్స ఉంటుంది, కాకినాడ సర్వజన ఆసుపత్రిలో కూడా ఆ విభాగం ఉంది. ఫోనులో మాట్లాడాలంటే మత్తు విముక్తి కోసం 14446, మానసిక సహాయం కోసం 14416, రెండూ ఉచితం.

లంకల_తమ్ముడు

నాలుగు రోజులు ఇక్కడికి రాలేకపోయాను. జరిగింది చెబుతాను.

తాగుడు గురించి అడిగే ధైర్యం నాకు రాలేదు. తుంటి గురించి అడిగాను. ఆ ఎముక చచ్చుబడితే మెట్లు కూడా ఎక్కలేవట అన్నయ్యా అని డాక్టరు గారు రాసింది చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మళ్లీ ఎగరలేనా రా" అని అడిగాడు. పదమూడేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదటిసారి. మరునాడే ఎంఆర్ఐ తీయించాం. కుడి తుంటిలో అదే జబ్బు, ఎముక తల ఇంకా కుంగలేదన్నారు. శస్త్రచికిత్స చేయాలంటే ముందు మద్యం ఆగాలని ఎముకల వైద్యుడు కచ్చితంగా చెప్పాడు. అప్పుడు ఆయనే, "ఆపడానికి ఎక్కడ చేరాలో అడుగు" అన్నాడు. చేరి ఈరోజుకు మూడో రోజు. నిన్న రాత్రి కాస్త వణికాడు, మందులు ఇచ్చారు, పడుకున్నాడు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైములు రెండూ పెరిగి ఉన్నాయి, స్కానింగ్‌లో కొవ్వు, కొంత వాపు, సిర్రోసిస్ లేదన్నారు. వదిన పక్కనే ఉంది.

లేసు_అల్లిక

సిర్రోసిస్ లేదన్న మాట నాలుగుసార్లు చదువుకున్నాను.

కాకినాడ_డాక్టరు

మూడు, నాలుగు రోజులు జాగ్రత్తగా చూడాలి, అక్కడివారు చూస్తారు. ఇంటికి వచ్చాక మొదటి మూడు నెలలు మళ్లీ జారే అవకాశం ఎక్కువ. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు కోరికను తగ్గిస్తాయి, కాలేయం పరిస్థితిని బట్టి ఏది సరిపోతుందో వైద్యులు నిర్ణయిస్తారు. ఒకసారి జారినా సిగ్గుపడి దాక్కోవద్దని, వెంటనే రమ్మని ఇప్పుడే చెప్పి ఉంచండి.

గోదారి_గట్టు

మా ఊళ్లో ఈ సంక్రాంతి పోటీలకు ప్రతి ఏడూ రాత్రి ఖర్చు ఇచ్చే దాతను నేనే. ఈసారి ఆ డబ్బును పీఈటీ గారు చెప్పినట్టు ఇళ్లకే పంపుతాను.

భీమవరం_రైడర్

లంకల_తమ్ముడు గారు, ఇంటికి పంపే రోజు ముందుగా చెప్పండి. రావులపాలెంలో బస్సు దిగే చోట నేను ఉంటాను. మరునాటి నుంచి పొద్దున అయిదింటికి నేనే ఫోను చేస్తాను, ఎత్తకపోతే ఇంటికే వస్తాను.

లంకల_తమ్ముడు

అన్నయ్యకు చెప్పాను. మీరు ఏ పొజిషన్‌లో ఆడేవారని అడిగాడు. రైడర్ అంటే, వాలీబాల్ ఆడనివాడికి నా బాధ ఏం తెలుస్తుంది అన్నాడు. కాసేపు ఆగి, మీ నంబరు ఇవ్వమన్నాడు.